దిగుడులో ఆలస్యంగా పట్టే ఇంజన్ బ్రేకు

పాత లారీ, నిండు లోడు, ముందు పొడవైన ఘాట్ దిగుడు. ఎక్సలేటర్ మీంచి కాలు తీశాక ఇంజన్ బ్రేకు పట్టడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. ఇది కంప్రెషన్ రిలీజ్ రకం, అంటే సిలిండర్లో నొక్కుకున్న గాలిని ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి వదిలేసి బండిని నిదానింపజేసేది. బాగున్నప్పుడు, ఇంజన్ వేడెక్కాక, సెకను కూడా పట్టదు. అందుకని ఘాట్ పైనే కింది గేరు వేసి, ఇంజన్ బ్రేకు మీద భరోసా పెట్టుకోకుండా బయల్దేరాం.

కరెంటు రాగానే ఈ బ్రేకుకి ఆయిల్ వదిలే వాల్వు సోలినాయిడ్. దాని వైరుకు టెస్ట్ ల్యాంపు కలిపి, పొడుగు వైరుతో క్యాబిన్లోకి తెచ్చుకున్నాం. ల్యాంపుని పక్క సీట్లో ఉన్నవాళ్లే చూడాలి, డ్రైవరు కాదు. కాలు తీసిన వెంటనే ల్యాంపు వెలిగినా బ్రేకు పట్టకపోతే లోపం ఆయిల్ వైపు. ల్యాంపే ఆలస్యమైతే కరెంటు వైపు. ఇది చూడకుండా సోలినాయిడ్లు మార్చడం డబ్బు దండగ.

మొదటి మలుపుల్లోనే ల్యాంపు ఆలస్యంగా వెలిగింది. వెడల్పు చోటు చూసి బండి ఆపి, చక్రాలకు అడ్డం పెట్టి చూశాం. ఎక్సలేటర్ కేబుల్ బిగుసుకుంది, రిటర్న్ స్ప్రింగు సడలింది. డీజిల్ పంపు లివరు ఐడిల్ స్టాపును, అంటే కాలు తీశాక అది వచ్చి ఆగే చోటును, ఆలస్యంగా తాకుతోంది. సోలినాయిడ్‌కి కరెంటు పంపే స్విచ్ ఆ స్టాపు పక్కనే ఉంది, లివరు తాకినప్పుడే కలుస్తుంది మరి. కేబుల్‌కి నూనె పట్టించి, స్ప్రింగు మార్చి, లివరు స్టాపును తాకే క్షణంలోనే టిక్కుమనేలా స్విచ్ జరిపాం. క్లచ్ పెడల్ పూర్తిగా పైకి రాకపోయినా ఇదే తంటా, కాబట్టి క్లచ్ దగ్గరున్న స్విచ్ కూడా చూశాం. అది బాగానే ఉంది.

మళ్లీ బయల్దేరితే ల్యాంపు వెంటనే వెలిగింది, బ్రేకు మాత్రం కాస్త వెనకబడింది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఆలస్యమైతే చిక్కటి ఆయిల్ అనుకోవచ్చు. అసలు ఆయిల్ వేడెక్కకముందు ఈ బ్రేకు వాడకూడదు. ఇక్కడ వేడెక్కేకొద్దీ ఆలస్యం పెరిగింది. అంటే పలచబడ్డ ఆయిల్ ఎక్కడో జారిపోతోంది. ఘాట్ దిగాక ఇంజన్ చల్లారనిచ్చి కవరు విప్పాం. సోలినాయిడ్ కాయిల్ 12 వోల్టులది, సుమారు 10 ఓమ్‌లు చూపింది, అంటే కాయిల్ మంచిదే. దాని సీల్ రింగులు మాత్రం గట్టిపడి గీతలు పడ్డాయి. ఒక్కటి పోయినా అన్నీ మార్చడమే మేలు.

కవరు విప్పి ఉండగానే సన్నని ఖాళీలు కొలిచే రేకులతో, అంటే ఫీలర్ గేజితో, స్లేవ్ పిస్టన్ (ఆయిల్ ఒత్తిడితో ఎగ్జాస్ట్ వాల్వును తెరిచే పిస్టన్) ఖాళీ కూడా కొలిచాం. ఆ కొలత ఇంజన్ మోడల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్ చూడాల్సిందే. ఎక్కువైతే బ్రేకు నీరసిస్తుంది, మరీ తక్కువైతే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.