గొట్టంలో చుట్టుకెళ్లిన అక్షరం

కాచిగూడలో మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కగానే బట్టల బ్యాగు సీటు కిందికి తోసేశాను గానీ, మూడడుగుల పీవీసీ గొట్టాన్ని మాత్రం ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. పైపుల షాపులో కోయించి రెండువైపులా మూతలు బిగించుకున్న గొట్టం అది. లోపల ‘మాప్లితో’ అనే రకం కాగితం మీద తీసిన శాసనం అచ్చు ఉంది. మడత పడకూడదు, తడవకూడదు. ఆరు నెలల్లో నాలుగుసార్లు కడప జిల్లాకు వెళ్లొస్తే సరిగ్గా వచ్చింది ఆ ఒక్క అచ్చే.

పీహెచ్‌డీలో చేరాక ఇది నా మొదటి పేపరు, మైసూరులో ఒక సదస్సులో చదవాలి. ఛార్జీలు ముందు మనమే పెట్టుకోవాలి, టికెట్లూ బిల్లులూ జత చేసి ఇస్తే ఎప్పటికో వస్తాయి. అందుకే స్లీపర్. అయినా మైసూరు అనగానే నాకు పండగే. దేశం నలుమూలలా తీసిన శాసనాల అచ్చుల్ని దాచే పురావస్తు శాఖ శాసన విభాగం ఉన్నది ఆ ఊళ్లోనే.

నా పేపరంతా ఒక్క అక్షరం గురించి. ఴ. మీ ఫోన్లో ఇది ఖాళీ గడిలా కనిపిస్తుంటే మీ తప్పేం లేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. నాలుకను వెనక్కి మడిచి, అంగిలికి తాకీ తాకకుండా పలికే ధ్వని. తమిళులు ఇప్పటికీ ఏఴు అంటారు, కోఴి అంటారు. మన నోట అవే ఏడు, కోడి అయ్యాయి. ఒకప్పుడు కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో మాత్రం ఈ అక్షరం ఉంది. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికిన ధనంజయుని శాసనం సుమారు 575 నాటిదని పండితుల లెక్క. ఆ కాలపు రాళ్ల మీద మన భాష ఇంకా ఴ పలుకుతూనే ఉంది. నన్నయ నాటికి అది పోయింది. ఎప్పుడు పోయింది, ఏ మాటలో ముందు పోయింది అనేది రాయి రాయీ చూసి తేల్చుకోవాల్సిన విషయం. జమ్మలమడుగు వైపు ఒక గుడి ముందున్న రాయిని ఇదివరకు చదివినవాళ్లు ఒకచోట ‘డ’ అని ముద్రించారు. నాకు అక్కడ ఴ కనిపించింది. ఏళ్ల తరబడి కొట్టిన సున్నం ఒక గీతలో పూడుకుపోయి ఉంది.

అచ్చు తీయడం చూడనివాళ్లకు చెప్తాను. తెల్లారగానే వెళ్లాలి, ఎండ ఎక్కితే కాగితం ఆరిపోయి రాయిని వదిలేస్తుంది. కొబ్బరి పీచుతో, నీళ్లతో రాయిని కడగాలి. తడి కాగితం పరిచి కుచ్చు బ్రష్షుతో కొడుతూ పోవాలి. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే గాడిలోకి దిగదు. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ ఉండతో తడుతుంటే చుట్టూ నల్లబడుతుంది, అక్షరాలు తెల్లగా లేచి వస్తాయి. పధ్నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో ఉలితో చెక్కిన గీత మన చేతికింద తెల్లగా తేలుతుంటే కలిగే సంతోషం నాకు మరే పనిలోనూ దొరకలేదు.

రైల్లో ఎదురు సీట్లో ఒకవ్వ. హైదరాబాదులో కూతురింటికి వచ్చి తిరిగి అనంతపురం వెళ్తోంది. మహబూబ్‌నగర్ దాకా నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూసింది.

“ఏం పాపా, ఆ గొట్టంలో ఏముండాది?”

“రాయి మీద రాతలకు అచ్చు తీసినానవ్వా.” నాది ప్రొద్దుటూరు. ఆమె మాట వినగానే నా నోటికీ మా ఊరి మాటే వచ్చేసింది.

“రాతలా? మా చెరువు కట్ట కింద గూడా ఉండాదమ్మా ఒగ బండ. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా రాతలే. మేమంతా దాని మీదనే గుడ్డలు ఉతికేది.”

నాకు నిద్ర ఎగిరిపోయింది. ఎన్ని వరసలు, ఎంత పెద్ద అక్షరాలు అని అడుగుతూనే ఉన్నాను. అవ్వ తన అరచేతిలో వేలితో ఒక అక్షరం గీసి చూపించింది. చదువు రాదట. నలభై ఏళ్లుగా గుడ్డ కొట్టిన చెయ్యికి ఆ గాళ్లు ఎక్కడెక్కడున్నాయో తెలుసు. దిగేముందు నన్ను లేపి మనవడి నంబరు ఇప్పించింది, కొంగున కట్టుకున్న చీటీ విప్పి మరీ.

సదస్సులో ప్రారంభోత్సవం సాగి సాగి మా పదిహేను నిమిషాలు పదికి తగ్గాయి. విద్యార్థుల సమయాన్నే ముందు కోస్తారు, ఇది నాకు నిజంగా బాధ. అంతకంటే పెద్ద దెబ్బ తెర మీద తగిలింది. నా స్లైడ్లలో ఴ ఉన్న ప్రతిచోటా ఖాళీ గడి. ఈ అక్షరం కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టిక యూనికోడ్‌లోకి 2014లోనే, 7.0 కూర్పులో వచ్చింది. అయినా ఆ కంప్యూటర్లోని ఫాంటుకు అది తెలియదు. ఒక్క అక్షరం కోసం ఇంత దూరం వస్తే ఆ ఒక్కటే కనిపించలేదు.

మార్కరు తీసుకుని బోర్డు మీద చేత్తో రాశాను. గొట్టం మూత విప్పి, ముందు వరసలో ఇద్దరిని అచ్చు చెరో చివరా పట్టుకోమన్నాను. తర్వాత నా పేపరంతా ఆ కాగితం మీదే నడిచింది. తమిళనాడు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు లేచి దగ్గరికొచ్చారు. ముందు వైపు చూడనేలేదు. కాగితాన్ని తిరగేసి, గాడిలోకి దిగిన చోట వెనక లేచిన గీత మీద కళ్లు మూసుకుని వేలు నడిపారు. పగులైతే అంచు గరుకుగా తగులుతుంది, ఉలి గీతైతే నున్నగా సాగుతుంది. “గీతే,” అన్నారు. కర్ణాటకకే చెందిన ఒక మేడమ్ ఒప్పుకోలేదు. కింది సగం పగులే అయ్యుండొచ్చు, సున్నం పూర్తిగా తీశాక ఇంకో అచ్చు తీయమన్నారు. ఆమె చెప్పింది సబబే. అది చేయకుండా నేను పేపరును ప్రచురణకివ్వను.

టీ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. ఆయన ఏఴు అన్నారు, ఆమె ఏళు అన్నారు, నేను ఏడు అన్నాను. హళెగన్నడలోనూ, అంటే పాత కన్నడంలోనూ, ఴ ఉండేదని, తర్వాత ళ లో కలిసిపోయిందని ఆమె చెప్పారు. ఒకే మాట మూడు నోళ్లలో మూడు దారులు పట్టడం పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. చేతిలో టీ గ్లాసుతో చెవులారా వినడం ఇదే మొదలు.

తిరుగు రైల్లో హిందూపురం దాటాక అవ్వ మనవడికి ఫోన్ చేశాను. ఏటవాలు ఎండ ఉన్నప్పుడు, పొద్దున్నే తీయి తమ్ముడూ అని చెప్పాను. మొన్న ఫోటో వచ్చింది. బండ సగం సబ్బు నురగ, పక్కన బకెట్టు, నురగ లేనిచోట అయిదు వరసల అక్షరాలు. రేనాటి చోళుల కంటే బాగా తర్వాతివే, ఴ ఉండే అవకాశం లేదు. అయినా రెండో శనివారం వెళ్తున్నాను. ఆ రోజు అక్కడ ఎవరూ గుడ్డలు ఉతక్కుండా చూస్తానని అవ్వ మాటిచ్చింది. నీళ్లు మోయడానికి రెండు బిందెలు కూడా సిద్ధంగా పెడతానంది.