రెండు క్యాబినెట్లు, ఒక వాల్వ్ యాంప్: ఓమ్‌ల లెక్క కుదిర్చిన నా అనుభవం

మారేడ్‌పల్లిలో మేము సాధన చేసుకునే గదిలో 50 వాట్ల వాల్వ్ (గాజు గొట్టాలతో పనిచేసే) గిటార్ యాంప్ ఒకటి, నాలుగు పన్నెండంగుళాల స్పీకర్లున్న మార్షల్ 1960ఏ క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) ఒకటి ఉన్నాయి. ఆరుబయట వేదికపై వాయించే అవకాశం వచ్చినప్పుడు, మా రెండో గిటారిస్టు వాళ్ల అన్నయ్య తన రెండు స్పీకర్ల క్యాబినెట్‌ను కూడా వాడుకోమన్నారు. రెండింటినీ ఒకే యాంప్‌కు కలిపి వేదికకు చెరొకవైపు పెట్టాలనుకున్నాము. ఆ బాధ్యత నాకు అప్పగించారు.

వాల్వ్ యాంప్ విషయంలో ఇది వైర్లు గుచ్చితే తీరిపోయే పని కాదు. వాల్వులు ఎక్కువ వోల్టేజీతో తక్కువ కరెంటును ఇస్తాయి. స్పీకర్‌కు కావలసింది తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేది అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. దానిలోని రెండు తీగచుట్టల చుట్ల నిష్పత్తి 20 అనుకుంటే, ఇంపీడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే నిరోధం, దీన్నీ ఓమ్‌లలోనే కొలుస్తారు) ఆ నిష్పత్తి వర్గం మేరకు, అంటే 400 రెట్లు మారుతుంది. కాబట్టి 8 ఓమ్‌ల స్పీకర్ వాల్వులకు 3,200 ఓమ్‌లుగా కనిపిస్తుంది. అదే సాకెట్‌కు 4 ఓమ్‌ల స్పీకర్ తగిలిస్తే వాటికి కనిపించేది 1,600 మాత్రమే; అప్పుడు వాల్వుల గుండా కరెంటు పెరిగి అవి త్వరగా అరిగిపోతాయి. అసలు స్పీకరే లేకుండా వాయిస్తే ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో (వాల్వుల వైపు చుట్టలో) పుట్టే అధిక వోల్టేజీ దాని ఇన్సులేషన్‌నే ఛేదించగలదు. మా యాంప్ వెనుక 4, 8, 16 అంకెలతో ఉన్న సెలెక్టర్ స్విచ్చు ఈ చుట్ల నిష్పత్తిని మార్చడానికే ఉంది.

చిన్న క్యాబినెట్ వెనుక ఎవరో పెన్నుతో 8 ఓమ్‌లని రాసి ఉంచారు. చేతిరాతను నమ్మి యాంప్‌ను పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు కనుక మల్టీమీటరు తెచ్చి కొలిచాను. మీటరు చూపేది తీగచుట్ట డీసీ నిరోధమే తప్ప ఇంపీడెన్స్ కాదు, అయినా గుర్తుపట్టడానికి అది చాలు: 8 ఓమ్‌ల స్పీకర్ సాధారణంగా ఆరేడు ఓమ్‌లు, 16 ఓమ్‌లది పన్నెండు నుంచి పద్నాలుగు ఓమ్‌లు చూపుతుంది. చిన్న క్యాబినెట్ సాకెట్ దగ్గర నాకు వచ్చినది 3.5. వెనుక పలక విప్పి చూస్తే లోపల రెండు సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్లు, ఒక్కొక్కటి 8 ఓమ్‌లది, సమాంతరంగా కలిపి ఉన్నాయి. అంటే పెన్నుతో రాసిన అంకె ఒక్కో స్పీకర్‌ది. క్యాబినెట్ మొత్తం 4 ఓమ్‌లు.

పెద్ద క్యాబినెట్‌లో సెలెస్టియన్ జి12టి-75 స్పీకర్లు నాలుగున్నాయి, ఒక్కొక్కటి 16 ఓమ్‌లు. వెనుక పలక మీది స్విచ్చు మోనోలో ఉంటే ఒక సాకెట్ 16, రెండోది 4 ఓమ్‌లు. స్టీరియోలో ఉంటే చెరొకటి 8. ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. చాలా క్యాబినెట్లలో రెండో సాకెట్ మరో క్యాబినెట్‌కు వైరు తీసుకుపోవడానికి ఉంటుంది. దీనిలో అలా కాదు, రెండూ లోపలికి వచ్చే సాకెట్లే. అందువల్ల యాంప్ వెనుక ఉన్న రెండు అవుట్‌పుట్ సాకెట్ల నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు వేయాలని నిర్ణయించుకున్నాను. ఆ రెండు సాకెట్లూ లోపల సమాంతరంగానే ఉంటాయి.

ఇక లెక్క పదో తరగతి భౌతికశాస్త్రంలోని సమాంతర సంధానమే. పెద్దదాని 16 ఓమ్‌ల సాకెట్, చిన్నదాని 4 కలిస్తే 3.2 ఓమ్‌లు. యాంప్ స్విచ్చును 4 మీద పెడితే ఈ మాత్రం తేడాను యాంప్ తట్టుకుంటుంది కాబట్టి, ఇక్కడితో ఆగిపోయినా ప్రమాదమేమీ లేదు. అయితే కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ కొనడానికి వెళ్లినప్పుడు, అక్కడ ఏళ్లుగా మైకుసెట్లు బాగుచేస్తున్న పెద్దాయన ఒకరు నా కాగితం చూసి, మొత్తం ఎంత అన్నది సరే, ఏ పెట్టెకు ఎంత పోతుందో లెక్క వేశావా బాబూ అని అడిగారు. వినాయక చవితి మండపాలకు మైకులు కట్టేవారికి ఇది కొత్త విషయం కాదు. వాళ్ల అహూజా యాంప్లిఫయర్ల వెనుక కూడా 4, 8, 16 ఓమ్‌ల టెర్మినళ్లు విడివిడిగా ఉంటాయి, 16 ఓమ్‌ల హారన్‌ను 8 ఓమ్‌ల పెట్టెతో సమాంతరంగా కడితే పెట్టె రెండింతలు లాగుతుందని వాళ్లకు అనుభవంతో తెలుసు. మా విషయంలో తేడా నాలుగింతలు: 50 వాట్లలో 40 చిన్న క్యాబినెట్‌కు, 10 మాత్రమే పెద్దదానికి. పైగా వింటేజ్ 30 సెన్సిటివిటీ (అంతే శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత) 100 డెసిబెల్స్, జి12టి-75ది 97. అసలే గట్టిగా పలికే స్పీకర్లకు మరో ఆరు డెసిబెల్స్ శక్తి అదనంగా అందితే, ఒకవైపు కూర్చున్నవారికి గిటార్ చెవులు చిల్లులు పడేలాగా, మరోవైపు వారికి ఆనవాలు లేనట్టుగా వినిపిస్తుంది.

పరిష్కారం చిన్న క్యాబినెట్ లోపలే ఉంది. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లను శ్రేణిలో కలిపితే 16. దానికి పెద్దదాని 16 సమాంతరంగా చేరితే 8. స్విచ్చు 8 మీద పెడితే యాంప్‌కు సరిగ్గా కావలసిన భారం, చెరొక క్యాబినెట్‌కు 25 వాట్లు. పెద్దదానిలో ఒక్కో స్పీకర్‌కు ఆరు వాట్ల పైచిలుకు, చిన్నదానిలో పన్నెండున్నర. 75, 60 వాట్ల స్పీకర్లకు ఇది లెక్కలోనిది కాదు. శ్రేణిలో కలిపితే ధ్వని మెత్తబడుతుందని కొందరు గిటారిస్టులు అంటారు గానీ, నా చెవికి అటువంటి తేడా ఏదీ తెలియలేదు.

అన్నయ్య అనుమతి తీసుకుని సోల్డరింగ్ పనికి దిగాను. మొదటి స్పీకర్ మైనస్‌ను రెండోదాని ప్లస్‌కు కలిపి, మిగిలిన రెండు కొసలను సాకెట్‌కు తెచ్చాను. మీటరు 14 చూపింది. తరువాత 9 వోల్టుల బ్యాటరీని సాకెట్ కొసలకు క్షణకాలం తాకించి కోన్లు (స్పీకర్లలో కదిలే గరాటు ఆకారపు పొరలు) ఎటు కదులుతున్నాయో చూశాను. ప్లస్‌కు ప్లస్ తాకినప్పుడు రెండు క్యాబినెట్లలోని ప్రతి కోనూ ముందుకే రావాలి. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు కదిలితే ఓమ్‌లు ఎంత సరిగ్గా ఉన్నా మంద్రస్వరాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ పరీక్షను ఎవరూ దాటవేయకూడదని నా గట్టి అభిప్రాయం.

కేబుళ్లను 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో, రెండు కొసలా పి-38 పిన్నులు (పావు అంగుళం జాక్ పిన్నులు) వేసి నేనే చేసుకున్నాను. 8 ఓమ్‌లకు 50 వాట్లంటే 20 వోల్టులు, రెండున్నర ఆంపియర్లు. గిటార్ నుంచి యాంప్‌కు వేసే కేబుల్‌కూ ఇదే పిన్ను ఉంటుంది కాబట్టి దాన్నే ఇక్కడ గుచ్చేవారు ఉన్నారు, కానీ దానిలోని సన్నని తీగ ఈ కరెంటు కోసం చేసినది కాదు. కేబుళ్లన్నీ తగిలించి, స్విచ్చు 8 మీద ఉన్నదని చూసుకున్నాకే యాంప్‌ను ఆన్ చేసి, తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచాను. చిన్న క్యాబినెట్ ఇప్పటికీ కొంచెం ముందుకు వినిపించింది. దాన్ని కాస్త వెనక్కు జరిపితే సరిపోయింది.

అన్నయ్య ఆ క్యాబినెట్‌ను వాడేది కనీసం 4 ఓమ్‌లు అని రాసి ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌తో. అటువంటి యాంప్‌కు ఓమ్‌లు ఎక్కువైతే ముప్పు లేదు గానీ వాట్లు పడిపోతాయి. 4 ఓమ్‌లకు 100 వాట్లు ఇచ్చేది 16 ఓమ్‌లకు సుమారు 25 మాత్రమే ఇస్తుంది. అందుచేత కార్యక్రమం అయ్యాక స్పీకర్లను తిరిగి సమాంతరంగా కలిపి, మీటరులో 3.5 వచ్చిందని చూసుకుని, వెనుక పలక మీది 8ని కొట్టేసి 4 అని రాసి ఆయనకు అప్పగించాను.