గాజు తొట్టెలో కొత్త సర్దుబాటు

ఆదివారం ఉదయమంతా మా ఇంటి రెండడుగుల అక్వేరియాన్ని మళ్లీ సర్దుతూ గడిపాను. భీమిలి తీరంలో ఏరి తెచ్చిన గవ్వలను, ఆల్చిప్పలను అందులో వేయాలని పాప ఎంతో ఆశపడింది గానీ, వాటిలోని కాల్షియం కార్బొనేట్ మెల్లగా కరిగి నీటి కఠినత్వాన్నీ పీహెచ్‌నూ పెంచుతుంది కాబట్టి, మెత్తని నీటిలో పుట్టిన నియాన్ టెట్రా చేపల జాతికి అది మంచిది కాదని నచ్చజెప్పి, తొట్టె పక్కనే ఒక గాజు గిన్నెలో అమర్చాం. పొడవుగా పెరిగే వాలిస్నేరియాను వెనుక వరుసలో నాటాను. కిందటిసారి జావా ఫెర్న్‌కు ఉండే, అల్లం కొమ్మును పోలిన కాండాన్ని ఇసుకలో పూడ్చడం వల్ల అది కుళ్లిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది. ఈసారి దాన్ని నూలుదారంతో చెక్కదుంగకు కట్టాను. సాయంత్రం లైటు వేయగానే చేపలు ఒక్కొక్కటిగా ఆ ఆకుల నీడలోకి చేరుతుంటే, పాప చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు.