తప్పు వెన్నుకిచ్చిన సూదిది కాదు

సిజేరియన్ తర్వాత నడుం పట్టేస్తే మన ఇళ్లలో నిందంతా వెన్నుకిచ్చిన మత్తు సూది మీదే. మా అత్తయ్య అదే అంది, పక్కింటావిడా అదే అంది. నన్ను చూసిన డాక్టరమ్మ పొట్ట మీద చెయ్యైనా వెయ్యకుండా "పిల్లల తల్లులకి మామూలేనమ్మా, అలవాటైపోతుంది" అని కాల్షియం మాత్రలు రాసి పంపేసింది. ఆ మాట మీద కోపం ఇంకా పోలేదు. సూది గుచ్చినచోట కొన్నాళ్లు సలపొచ్చు గానీ, నెలల తరబడి నడుం లాగేది దానివల్ల కాదు.

ఒక రాత్రి పిల్ల ఏడుస్తుంటే లేవబోయాను. నడుం బిగుసుకుపోయి పక్కకి కూడా తిరగలేకపోయాను. పిల్ల గుక్కపట్టింది. నేనేమో కాళ్లు పడిపోయాయేమోనని వేళ్లు కదిపి చూసుకుంటున్నాను. అమ్మ వచ్చి నన్ను పక్కకి దొర్లించి, చేత్తో మంచాన్ని నొక్కించి, లేపి కూర్చోబెట్టింది. బాలింత లేవాల్సిన పద్ధతి అదేనని తర్వాత ఫిజియోథెరపిస్ట్ చెప్పింది. ఆ అమ్మాయి మేలు మరచిపోలేను, పొట్ట తడిమి చూసింది ఆమె ఒక్కతే.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు పైన వేళ్లు అడ్డంగా ఆనించి, తల కొంచెం లేపమంది. నడిమధ్యన నిలువుగా గట్టులా ఉబ్బింది, దాని రెండు పక్కలా కండరాల అంచులు చేతికి తగిలాయి. మధ్యలో రెండు వేళ్ల కంటే ఎక్కువ సందుంటే డయాస్టాసిస్ రెక్టై అంటారు. కడుపు పెరిగినప్పుడు రెండు కండరాల్నీ కలిపే పొర సాగుతుంది. చాలామందికి కాన్పయ్యాక మొదటి 8 వారాల్లో చాలావరకు దగ్గరపడుతుంది, కొందరికి పడదు. పొట్ట వైపు పట్టు లేనప్పుడు వంగి పాలివ్వడం, పిల్లని ఒకే చంకనేసుకోవడం తోడైతే నడుం ఎంతకని ఓర్చుకుంటుంది?

వ్యాయామం చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. అదే పడుకున్న తీరులో, ఊపిరి వదులుతూ మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాల్ని పైకి లాగి, పొత్తికడుపుని మెల్లగా లోపలికి తీసుకుని 5 సెకన్లు ఉంచాలి. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే ఒత్తిడంతా ఆ పొర మీదే. 10 సార్లు, రోజుకి రెండు మూడు విడతలు. అది కుదిరాక ఒక మడమని నేల మీద జారుస్తూ కాలు చాపి మళ్లీ మడవడం, ఆ తర్వాత పిరుదులు పైకి లేపడం. ఏది చేసినా మధ్యలో గట్టు లేచిందంటే అది ఇంకా మన వంతు కాదు. పొట్ట తగ్గాలని మొదట్లోనే సిటప్‌లు, ప్లాంకులు, రెండు కాళ్లూ ఒకేసారి లేపడం చేయిస్తారు చూశారూ, వాటితో గట్టు ఇంకా లేస్తుంది.

పిల్లని ఎత్తేటప్పుడూ ఊపిరి వదులుతూనే ఎత్తాలి. పాలిచ్చేటప్పుడు ఒళ్లో దిండు పెట్టి పిల్లని రొమ్ము దగ్గరికి తేవాలి, మనం వంగకూడదు. నడికట్టు, బెల్టు ఆసరా ఇస్తాయి తప్ప కండరానికి బలం ఇవ్వవు. మరీ బిగిస్తే ఒత్తిడి కిందికి దిగి మూత్రం జారొచ్చు. సిజేరియన్ వాళ్లు మొదట చెప్పిన ఊపిరి వ్యాయామం తప్ప మిగతావి 6 వారాల చెకప్‌లో డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి.

అమ్మ వెంకన్నకి ముడుపు కట్టింది, వద్దనలేదు. నడుం నొప్పి ముందు తగ్గింది, సందు మాత్రం కొంచెం మిగిలే ఉంది. పొట్ట బిగించినప్పుడు మధ్యలో గట్టిగా తగిలితే అది పూర్తిగా మూసుకోకపోయినా ఫర్వాలేదట. అయితే బొడ్డు దగ్గర ఉబ్బు గట్టిపడి నొప్పి, వాంతులు వచ్చినా, కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు ఉన్నట్టుండి తప్పినా తెల్లారేదాకా ఆగకండి, ఆస్పత్రికి వెళ్లండి.