పోచంపల్లిలో ఒక పగలు

రెండు రోజుల సెలవు దొరికితే అయిదారు చోట్లు చుట్టేసి, ప్రతి చోటా ఫోటోలు దిగి, ఒళ్లు హూనం చేసుకుని ఇల్లు చేరడం ఇప్పుడు మనలో చాలామందికి అలవాటైపోయింది. నేనూ ఏళ్ల తరబడి అలాగే తిరిగాను. ఈసారి మాత్రం హైదరాబాదుకు దగ్గరలోనే ఉన్న భూదాన్ పోచంపల్లికి వెళ్లి, పొద్దంతా ఒకే నేత ఇంట్లో కూర్చున్నాను.

1951లో వినోబా భావే కోరికపై వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానమిచ్చిన ఊరది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తించింది కూడా. అయినా నన్ను కట్టిపడేసింది ఆసు, అంటే నేతకు ముందు దారాన్ని వరుసలుగా పోసే పని. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ ఆ ఇంటి పెద్దమ్మ దారాన్ని అటూ ఇటూ పోస్తూనే ఉంది. ఒక్క చీరకు ఆ చేయి కొన్ని వేల సార్లు తిరగాలి. తన తల్లి పడే ఇలాంటి కష్టాన్ని చూడలేకే చేనేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఈ పని చేసే లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

ఆసు తర్వాత చిటికి కడతారు, అంటే దారాన్ని అక్కడక్కడా రబ్బరు పట్టీలతో బిగించి రంగులో ముంచుతారు. పట్టీ బిగించిన చోట రంగు అంటదు కనుక, మగ్గం ఎక్కకముందే బొమ్మ దారంమీద సిద్ధమవుతుంది. బొమ్మ అంచుల్లో కనిపించే ఆ సన్నని మసక అందుకే వస్తుంది, నాకు అదే అన్నిటికన్నా అందంగా తోచింది.

మధ్యాహ్నం పెద్దమ్మ, "నువ్వూ పొయ్యి బిడ్డా" అంటూ దారం నా చేతికిచ్చింది. పది వరుసలకే భుజం లాగింది.