పదహారో వారం తూకాలు

బుధవారం తూకాల రోజు కాబట్టి ఉదయం ఏడింటికే ప్రయోగాల ఎలుకలుండే జంతుశాలకు చేరుకున్నాను. కాలేయంలో కొవ్వు చేరే తీరు చూడడానికి సి57 రకం నల్ల చిట్టెలుకలకు కొవ్వు మేత మొదలుపెట్టి నేటికి 16 వారాలు నిండాయి. మామూలు మేత తినేవి 30 గ్రాముల దగ్గర ఆగిపోగా, ఈ గుంపులోని మగ ఎలుకలన్నీ 45 గ్రాములు దాటాయి.

ఈ మేతలోని కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే వస్తాయి. వేరే మేతతో కలిసిపోకుండా గుళికలకు నీలిరంగు వేస్తారు. ముట్టుకుంటే చేతి తొడుగుకు జిడ్డు అంటుతుంది, నలిపితే పిండిలా రాలుతుంది, బయట ఉంచితే కనరెక్కుతుంది. అందుకే ఫ్రీజరులో దాచి వారానికి రెండుసార్లు కొత్తది వేస్తాము. ఎలుకలు దీన్ని తిన్నంతా తిని, కొంత కొరికి పంజరం అడుగున పారబోస్తాయి. ఆ తుంపులను పొట్టులోంచి ఏరి తూచేసరికి నడుము పట్టేసింది. ఏరకుండా లెక్క కడితే మాత్రం వాటికి లేనిపోని తిండిపోతు పేరు వస్తుంది.

హైదరాబాదు ఎండలోంచి లోపలికి వెళితే 22 డిగ్రీల గది నాకు స్వర్గమే కానీ, చిట్టెలుకకు అది చలి. దానికి హాయిగా ఉండేది 30 డిగ్రీల దగ్గర; ఇక్కడ తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికే ఖర్చయిపోతుంది. అదే మేతతో వెచ్చని గదిలో కాలేయం మరింత చెడుతుందని 2017లోనే చూపించారు. అయినా మన గదులు మనుషుల సౌకర్యానికే చల్లగా ఉంటున్నాయి.

మధ్యాహ్నం స్లైడ్ల ముందు కూర్చున్నాను. గత వారం తీసిన ఒక కాలేయంలో గడ్డకట్టించి కోయవలసిన ముక్కను కూడా నేను ఆదమరచి మిగతా ముక్కలతో పాటు ఆల్కహాలు, జైలీన్, మైనం దారిలోకి పంపేశాను. ఆ ద్రావకాల్లో కొవ్వు కరిగిపోతుంది కాబట్టి కొవ్వును ఎర్రగా చూపే ఆయిల్ రెడ్ రంగుకు పట్టుకోవడానికి ఏమీ మిగలలేదు. ఎర్రని బొట్లు ఉండవలసిన చోట గుండ్రని తెల్లని ఖాళీలు, అట్టు మీది చిల్లుల్లా పరచుకుని ఉన్నాయి. కణకేంద్రకాలు అంచుకు నెట్టుకుపోయి ఉన్నాయి. కొవ్వు పోయినా అది కూర్చున్న చోటు చెక్కుచెదరలేదు.

ఆ ఖాళీలను బట్టే కొవ్వుకు మార్కులు వేశాను. కాలేయం ఎంత చెడిందో లెక్కగట్టే 2005 నాటి కొలమానం ప్రకారం గరిష్ఠంగా కొవ్వుకు 3, వాపుకు 3, కణాలు ఉబ్బడానికి 2, మొత్తం ఎనిమిది. నా ఎలుకలకు కొవ్వులో మూడుకు మూడు వచ్చాయి, వాపులో ఒకటి, ఉబ్బడంలో సున్నా. నారకణజాలపు మచ్చను విడిగా చూడాలి. మచ్చను ఎర్రగా చూపే సిరియస్ రెడ్ రంగు వేసి చూసినా అది దాదాపు లేదు. మనిషిలో రోగం ఎటు పోతుందో ప్రధానంగా తేల్చేది ఆ మచ్చే.

పక్క బల్ల మీది సహచరుడు మెథియోనిన్, కోలిన్ అనే పోషకాలు తీసేసిన మేత వాడుతున్నాడు. కాలేయం కొవ్వును బయటికి పంపాలంటే కొవ్వు రేణువులకు తొడుగు కావాలి, తొడుగుకు కోలిన్ కావాలి. క్లోమం తీసేసి ఇన్సులిన్ మీద బతికించిన కుక్కల కాలేయాలు కొవ్వెక్కడం చూసిన, ఇన్సులిన్ కనుగొన్నవారిలో ఒకరైన చార్లెస్ బెస్ట్ బృందం, దాన్ని ఆపేది కోలిన్ అని టొరంటోలో 1932లో గుర్తించింది. నా సహచరుడి ఎలుకలకు కొన్ని వారాల్లోనే వాపూ మచ్చా రెండూ వస్తాయి, కానీ అవి చిక్కి శల్యమవుతాయి, ఇన్సులిన్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. లావెక్కిన నా ఎలుకలకు మచ్చ లేదు, మచ్చపడిన అతని ఎలుకలకు లావు లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో తమంతట తామే స్థూలకాయులైన ఎలుకల వంశం ఒకటుంది. అది మళ్ళీ వేరే కథ.

టీ వేళకు పిన్ని ఫోను చేసింది. బాబాయికి స్కానింగులో గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అన్నారట. "మందు ముట్టడు, పొట్ట కూడా లేదు, ఆయనకెందుకొచ్చిందే?" అని అడిగింది. సన్నని వాళ్ళకూ వస్తుందని, షుగరు పరీక్ష చేయించమని, తీపి తగ్గించి సాయంత్రాలు నడవమనమని చెప్పాను. నా 45 గ్రాముల ఎలుక బాబాయికి ఎంత దూరపు చుట్టమో ఫోను పెట్టేశాక కాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను. ఎలుకల్లో మచ్చను తగ్గించిన సెలోన్సెర్టిబ్ అనే మందు 2019లో మనుషుల మూడో దశ పరీక్షల్లో నెగ్గలేదు.

రాత్రి, జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇవ్వవలసిన కొత్త దరఖాస్తు తీశాను. ఈ జంతువే ఎందుకు, ఇన్నే ఎందుకు అన్న గడులు ఎప్పుడూ ఉండేవే. పోయినసారి రాసినవే ఎత్తిరాయబోయాను. లక్ష్యం దగ్గర "కాలేయంలో కొవ్వు చేరడం, మచ్చపడడం పరిశీలించడానికి" అని ఉంది. మచ్చపడడం అన్న మాట కొట్టేసి, గుంపుకు పన్నెండు ఎలుకలన్న చోట ఎనిమిది అని దిద్దాను.