హెడ్‌సెట్ పెట్టుకుని పావుగంట

మొన్న మా ఫ్రెండ్ ఇంట్లో కళ్ళముందు త్రీడీ లోకాన్ని చూపించే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుంటే పావుగంటకే కళ్ళు తిరిగాయి, ఎందుకంటే కళ్ళేమో నడుస్తున్నావంటాయి, లోపలి చెవేమో కుర్చీలోనే ఉన్నావు కదరా అంటుంది, ఆ గొడవలో కడుపు తిప్పేస్తుంది.

మన బదులు ఒక బొమ్మ తిరిగే ఆన్‌లైన్ త్రీడీ లోకాన్ని మెటావర్స్ అంటూ హడావిడి చేశారు కదా, 2003లో అలాంటి లోకమే సెకండ్ లైఫ్ వచ్చినప్పుడూ ఇదే హడావిడి. 2007లో స్వీడన్ అందులో ఒక ఎంబసీ లాంటిది కూడా తెరిచింది! వీసా మాత్రం ఇచ్చేవారు కాదు లెండి. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ ఈ మెటావర్స్ మోజులో ఏకంగా పేరే మెటా అని మార్చుకుంది.

నాకైతే త్రీడీ వెబ్, అంటే నెట్‌లో త్రీడీగా చూసేవన్నీ, హెడ్‌సెట్‌లో కంటే మామూలు బ్రౌజర్‌లోనే ముందుకెళ్తుందనిపిస్తుంది. 1994 ప్రాంతంలో త్రీడీ దృశ్యాలు రాసే వీఆర్‌ఎంఎల్ అనే భాషతో ప్రయత్నించారు, కానీ దానికి విడిగా ప్లగిన్, అంటే బ్రౌజర్‌కి తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్, వేసుకోవాలి, పైగా అది డయలప్ కాలం, బొమ్మ వచ్చేలోపు కాఫీ తాగి రావచ్చు. 2011లో వెబ్‌జీఎల్ అనే పద్ధతి వచ్చాక ఏ ప్లగిన్ లేకుండానే బ్రౌజర్ నేరుగా గ్రాఫిక్స్ చిప్‌ని వాడుకోగలుగుతోంది. సోఫా కొనేముందు ఫోన్‌లో అటూ ఇటూ తిప్పి చూస్తున్నామే, అదీ త్రీడీ వెబ్బే, మెటావర్స్ అని ఎవరూ అనరంతే.

ఈ ఆన్‌లైన్ లోకాలతో అసలు చిక్కు వేరే ఉంది. మావాడు రోబ్లాక్స్ అనే గేమ్‌లో తన బొమ్మకి డబ్బు పెట్టి కొన్న చొక్కా ఫోర్ట్‌నైట్ అనే ఇంకో గేమ్‌లో వేసుకోలేడు. ఎందుకు కుదరదని అడుగుతాడు, ఏం చెప్పను?